సరిహద్దు దాటని ఆరోగ్య బీమా: 1965 నాటి రెండు చట్టాల కథ

పిల్లలు అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో అమ్మానాన్నలకు గ్రీన్ కార్డు రావడం శుభవార్తే. అయితే సామాను సర్దుకోవడానికి ముందే వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. అక్కడ గుండెపోటు వచ్చినా, తుంటి ఎముక విరిగినా ఆసుపత్రి ఖర్చు ఎవరు భరిస్తారు? “అరవై అయిదేళ్లు దాటాయి కదా, ప్రభుత్వమే చూసుకుంటుంది” అని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకంలో సగమే నిజముంది. మిగిలిన సగం తెలియాలంటే కొంత చరిత్రలోకి వెళ్లాలి.

ఆరోగ్య బీమాను మొదట చట్టరూపంలో నిలబెట్టిన దేశం జర్మనీ. 1883లో బిస్మార్క్ ప్రభుత్వం తెచ్చిన చట్టం ప్రకారం చందాలో మూడింట రెండు వంతులు కార్మికుడు, ఒక వంతు యజమాని చెల్లించేవారు. అక్కడ వైద్యం పొందే హక్కు ఉద్యోగంతో ముడిపడింది. బ్రిటన్ మరో దారి పట్టింది. 1948 జూలై 5న మొదలైన జాతీయ ఆరోగ్య సేవలో హక్కు నివాసంతో ముడిపడింది. ఈ రెండు పద్ధతులలో ఏది తీసుకున్నా ఒక విషయం స్పష్టం. వైద్య భద్రత మనిషి వెంట నడిచేది కాదు, ఒక దేశం తనవారని గుర్తించినవారికి ఇచ్చేది.

అమెరికాలో అధ్యక్షుడు ట్రూమన్ 1945లోనే జాతీయ ఆరోగ్య బీమాను ప్రతిపాదించారు. అక్కడి వైద్యుల సంఘం తీవ్రంగా వ్యతిరేకించడంతో అది ముందుకు సాగలేదు. ఇరవై ఏళ్ల తరువాత, 1965 జూలై 30న, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ట్రూమన్ స్వస్థలమైన ఇండిపెండెన్స్‌కు వెళ్లి, ఆయన సమక్షంలోనే మెడికేర్ చట్టంపై సంతకం చేశారు. మొదటి కార్డు ట్రూమన్‌కే దక్కింది. అయితే ఆ చట్టం అందరికీ కాదు, 65 ఏళ్లు నిండిన వృద్ధులకు. అందులోని ఆసుపత్రి బీమాకు డబ్బు ఉద్యోగుల వేతనాలపై వేసే పన్ను నుండి వస్తుంది. యౌవనంలో పన్ను కట్టినవారికి వార్ధక్యంలో వైద్యం అందించడం దాని మూలసూత్రం.

రెండు నెలలు దాటాక, అక్టోబర్ 3న, జాన్సన్ మరో చట్టంపై సంతకం చేశారు. అది వలసల చట్టం. అప్పటిదాకా 1946 నాటి చట్టం ప్రకారం భారతీయులకు ఏడాదికి కేటాయించిన వలస వీసాలు 100 మాత్రమే. కొత్త చట్టం దేశాలవారీ పాత కోటాలను తొలగించి, మన వైద్యులకూ ఇంజినీర్లకూ తలుపులు తెరిచింది. 21 ఏళ్లు దాటిన అమెరికా పౌరులు తమ తల్లిదండ్రులను సంఖ్యాపరిమితి లేకుండా పిలిపించుకునే వీలు కూడా కల్పించింది.

ఒక చట్టం జీవితమంతా అక్కడ పనిచేసిన వృద్ధుల కోసం పుట్టింది. మరొకటి అక్కడ ఒక్కరోజు కూడా పనిచేయని వృద్ధులకు ప్రవేశమిచ్చింది. ఈ రెంటి మధ్య మిగిలిన ఖాళీ త్వరలోనే న్యాయస్థానానికి చేరింది. వైద్యుల ఫీజు చెల్లించే మెడికేర్ రెండవ భాగంలో చేరడానికి విదేశీయులకు శాశ్వత నివాసంతోపాటు వరుసగా అయిదేళ్లు ఆ దేశంలో ఉండాలన్న నిబంధన ఉంది. దానిని కొందరు వృద్ధ వలసదారులు సవాలు చేశారు. 1976లో ‘మాథ్యూస్ వర్సెస్ డియాజ్’ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ నిబంధనను ఏకగ్రీవంగా సమర్థించింది. దేశంతో బంధం బలపడినకొద్దీ సదుపాయాలు పెంచే అధికారం చట్టసభకు ఉందన్నది ఆ తీర్పు సారాంశం.

నేటికీ ఆ అయిదేళ్ల గడువు అలాగే ఉంది. స్వయంగా గానీ జీవిత భాగస్వామి గానీ అక్కడ పదేళ్లు పన్ను కట్టి ఉంటే ఆసుపత్రి బీమా ఉచితం. లేనివారు డబ్బు చెల్లించి చేరేందుకు 1972 సవరణ దారి చూపింది. 2025లో దాని పూర్తి ప్రీమియం నెలకు 518 డాలర్లు, వైద్యుల ఫీజు భాగానికి సాధారణ ప్రీమియం మరో 185 డాలర్లు. కుమారుడో కుమార్తెయో ఎన్నేళ్లు పన్ను కట్టినా, సాధారణంగా ఆ లెక్క తల్లిదండ్రులకు జమ కాదు. పేదల పథకమైన మెడికెయిడ్‌కు కూడా 1996 చట్టం కొత్త వలసదారులలో అధికశాతానికి అయిదేళ్ల నిషేధం విధించింది. కొన్ని రాష్ట్రాలు మాత్రమే సొంత నిధులతో ఆదుకుంటున్నాయి. 2010 సంస్కరణల చట్టం వల్ల ఏర్పడిన బీమా మార్కెట్లో గ్రీన్ కార్డుదారులు పాలసీ కొనుక్కోవచ్చు. ఈ అయిదేళ్లకు చాలామందికి అదే ప్రధానమైన ఆధారం.

ఇక తిరుగు ప్రయాణం సంగతి. పదవీ విరమణ తరువాత హైదరాబాదుకో విశాఖకో వచ్చి స్థిరపడదామనుకునే ప్రవాసులు గుర్తుంచుకోవలసిన అంశమిది. బహు అరుదైన మినహాయింపులు తప్ప, అమెరికా వెలుపల జరిగిన చికిత్సకు మెడికేర్ చెల్లించదు. ఐరోపాలో 1971 నాటి ఒక నిబంధన ద్వారా, పెన్షనరు మరో సభ్యదేశంలో స్థిరపడితే అక్కడే చికిత్స పొందే వీలు, ఆ ఖర్చును పెన్షనిచ్చే దేశం భరించే ఏర్పాటు వచ్చాయి. భారత్, అమెరికాల మధ్య అటువంటి ఒప్పందమేదీ లేదు.

కనుక చరిత్ర చెప్పే పాఠాన్ని ఆచరణలో పెట్టుకుందాం. చుట్టపుచూపుగా వెళ్లేవారు ప్రయాణ బీమాలో పాత జబ్బులకు ఏ మేరకు రక్షణ ఉందో అక్షరం విడవకుండా చదవాలి. మధుమేహం, రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారికి ఇది మరీ ముఖ్యం. గ్రీన్ కార్డుపై వెళ్లేవారు చేరిన వెంటనే మార్కెట్ పాలసీ గురించి విచారించాలి. అయిదేళ్లు నిండే తేదీని రాసిపెట్టుకోవాలి. వైద్యుల ఫీజు భాగంలో చేరడం ఆలస్యమైతే ప్రతి పన్నెండు నెలలకూ ప్రీమియం పది శాతం చొప్పున పెరుగుతుంది, ఆ అదనపు భారం కొనసాగుతూనే ఉంటుంది. ఇక్కడి పాలసీని తొందరపడి వదులుకోకూడదు. తిరిగివచ్చి కొత్తది తీసుకుంటే పాత జబ్బులకు మూడేళ్ల దాకా నిరీక్షించవలసి రావచ్చు.

బిడ్డల ప్రేమ సముద్రాలు దాటుతుంది గానీ, బీమా దాటదు. ఆ ఖాళీని పూడ్చుకునే ఏర్పాటు టికెట్టు కొనకముందే జరగాలి. ఈ విషయమై ఇంట్లో పెద్దలూ పిన్నలూ కూర్చుని మొహమాటం లేకుండా మాట్లాడుకోవడం అందరికీ క్షేమం.