దంతెవాడలో ఇల్లు, దొడ్డి, పట్టా

ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ ప్రాంతంలో భూమి కొనుగోలును తెలిపే పాత ఆధారాల్లో ఒకటి తెలుగులోనే ఉంది. బారసూరులో దొరికిన క్రీ.శ. 1060 నాటి శాసనం అది. అప్పుడు ఆ సీమ ఛిందక నాగవంశపు రాజు జగదేకభూషణ ధారావర్షుడి ఏలుబడిలో ఉండేది. ఆయన సామంతుడు చంద్రాదిత్యుడు బారసూరులో శివాలయం కట్టించి, చెరువు తవ్వించి, రాజు దగ్గర ఒక ఊరు కొని గుడికి రాసిచ్చాడు. కొన్నది ఊరంతా, కొన్నది దేవుడి కోసం. ఒక కుటుంబం ఉండడానికి నాలుగెకరాలూ ఒక ఇల్లూ కొనుక్కోవడమన్నది ఇక్కడ చాలా కాలం తర్వాత వచ్చిన సంగతి.

అందుకు కారణం ఊరి కట్టుబాటులో ఉంది. దంతెవాడ చుట్టుపక్కల ఎక్కువగా ఉండేది దండామి మాడియా ఆదివాసులు. 1927–31 మధ్య, ఈ సీమ భాగంగా ఉన్న బస్తర్ సంస్థాన పాలన చూసిన డబ్ల్యు.వి. గ్రిగ్సన్ 1938లో అచ్చయిన తన గ్రంథంలో వీళ్లనే ‘బైసన్ హార్న్ మాడియా’లన్నాడు. అబూజ్‌మాడ్ కొండల్లోని మాడియాలు పోడు కొట్టుకుంటూ చోటు మారుతుంటే, వీళ్లు నాగలి పట్టి ఒకచోట నిలిచారు. అడవిని మొదట నరికి ఊరు నిలిపిన వంశానిదే ఊరి మీద పెత్తనం. ఆ నేల దేవతకు కొలుపు చేసే పెర్మా ఆ వంశం వాడే అవుతాడు. బయటి నుంచి వచ్చినవాడు ఊరి పెద్దల ఒప్పుకోలుతో, పెర్మా చేత పూజ చేయించుకుని గుడిసె వేసుకునేవాడు. డబ్బిచ్చి నేల రాయించుకునే పద్ధతి ఇందులో లేదు.

ఇల్లు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. ఒక్క వరస కప్పు, మేడ ఉండదు. అడవి కర్ర గుంజలు పాతి, వాటి మధ్య వెదురు తడికలు కట్టి, మట్టి మెత్తి పేడతో అలుకుతారు. పైన గడ్డి, లేదంటే నాటు పెంకు. చూరు ఎంత కిందికి వాలుతుందంటే వంగితే గాని అరుగు మీదికి పోలేరు. వానజల్లు మట్టిగోడను తాకకుండా కాపాడేది ఆ చూరే. పందులకూ కోళ్లకూ వేరే పాకలుంటాయి. చుట్టూ కంచె వేసిన పెరడులో మొక్కజొన్న, పొగాకు, ఆవాలు వేస్తారు. ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండవు. పారాలనే గూడేలుగా విడిపోయి, ఒక్కో ఇల్లు తన దొడ్డిలో తాను నిలుస్తుంది. నేల కన్నా చెట్టుకే హక్కుదారు స్పష్టంగా ఉంటాడు. ఈ ఇప్ప చెట్టు ఎవరిది, ఈ జీలుగు చెట్టు ఎవరిది అన్నది ఊరందరికీ తెలుసు.

ఈ ఏర్పాటు మొదట బెడిసింది వలస పాలన కాలంలో. 1905 నాటికి అడవిలో పెద్ద భాగాన్ని రిజర్వు చేయాలన్న ప్రతిపాదన వచ్చింది. ఊళ్లను బయటి ఠేకేదార్లకు కౌలుకిచ్చారు. శిస్తు పెరిగింది, వెట్టి పెరిగింది. 1910 ఫిబ్రవరిలో నేతానార్‌కు చెందిన గుండాధూర్ పేరుతో ముడిపడిన భూమ్‌కాల్ తిరుగుబాటు లేచింది. దాన్ని సైన్యంతో అణచినా, ప్రభుత్వం రిజర్వు అడవి విస్తీర్ణాన్ని తగ్గించుకోక తప్పలేదు.

స్వాతంత్ర్యం తర్వాత భూమిని కాపాడే పని చట్టానికి వచ్చింది. అప్పట్లో ఈ సీమ మధ్యప్రదేశ్‌లో ఉండేది. మధ్యప్రదేశ్ భూమిశిస్తు స్మృతి 1959 అక్టోబర్ 2న అమల్లోకి వచ్చింది. దాని 165(6) నిబంధన కింద, ఆదివాసీ ప్రాంతాలుగా నోటిఫై చేసినచోట ఆదివాసీ భూమి ఆదివాసేతరుడికి చేరకూడదు. మోసంతో చేతులు మారిన భూమిని తిరిగి ఇప్పించడానికి 1980లో 170-బి చేర్చారు. తెలుగువాళ్లకు తెలిసిన 1/70 చట్టంతో పోలిస్తే ఇందులో ఒక తేడా ఉంది. ఆంధ్ర, తెలంగాణ ఏజెన్సీల్లో ఇద్దరు గిరిజనేతరుల మధ్య కూడా భూమి చేతులు మారకూడదు. ఇక్కడ ఆ తలుపు పూర్తిగా మూయలేదు. కొన్ని రకాల భూములకు కలెక్టర్ అనుమతి కావాలి, అంతే.

చట్టం ఉన్నా సందులు వెతికినవాళ్లున్నారు. పట్టా భూమిలోని చెట్లకు యజమానే హక్కుదారు కావడంతో, 1990లలో బస్తర్‌లో కలప వ్యాపారులు చెట్ల కోసమే నేలలు కొనిపించి, టేకు, ఇతర కలప నరికించారు. ‘మాలిక్ మక్బూజా’ పేరుతో బయటపడిన ఆ కుంభకోణం సుప్రీంకోర్టు దాకా వెళ్లి సీబీఐ దర్యాప్తుకు దారితీసింది.

ఇనుపగనులు మరో రకం ఇంటిని తెచ్చాయి. 1968లో బైలడిలా కొండల్లో ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ తవ్వకం మొదలైంది. కొత్తవలస–కిరందూల్ రైలు మార్గం విశాఖను ఈ కొండలతో కలిపింది. ఆ బండ్లలో తెలుగు కుటుంబాలూ వచ్చాయి. కానీ కిరందూల్, బచేలి టౌన్‌షిప్పుల్లో వాళ్లున్నవి కంపెనీ క్వార్టర్లు. ఉద్యోగం ఉన్నన్నాళ్లే ఇల్లు.

2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక అప్పటి దంతెవాడ జిల్లాలో వేలమంది ఇల్లూ నేలా వదిలి రోడ్డు పక్క శిబిరాలకు చేరారు. ఇంకా ఎందరో గోదావరి లోయ అడవుల్లోకి, నాటి ఖమ్మం జిల్లాకు వెళ్లారు. అక్కడ పోడు కొట్టి గుడిసెలు వేసుకున్నా చేతిలో పట్టా లేదు. 2006 అటవీ హక్కుల చట్టం సాగులో ఉన్న భూమికి కుటుంబానికి నాలుగు హెక్టార్ల దాకా, భార్యాభర్తల ఉమ్మడి పేరున హక్కు ఇస్తుంది. అది పిల్లలకు దక్కుతుంది, అమ్మడానికి మాత్రం వీల్లేదు. 2016లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద ఇలాంటి జిల్లాల్లో ఇంటికి 1.30 లక్షల రూపాయల సాయం ఉంది. కనీసం 25 చదరపు మీటర్ల పక్కా ఇల్లు కట్టాలి.

2017 డిసెంబర్‌లో, ఆదివాసీ భూమిని ప్రభుత్వం కొనడాన్ని సులువు చేసే సవరణను ఛత్తీస్‌గఢ్ శాసనసభ ఆమోదించింది. ఆదివాసీ సంఘాలు ఎదురుతిరగడంతో 2018 జనవరిలో దాన్ని వెనక్కి తీసుకున్నారు. భూమిశిస్తు స్మృతిలోని అడ్డుకట్ట అలాగే నిలిచింది. అందుకే దంతెవాడలో దొడ్డీ ఇల్లూ కొనదలచిన బయటివాళ్లు ఖస్రా, బి-1 అనే భూమి కాగితాల్లో నేటి యజమాని పేరు చూసి ఊరుకుంటే చాలదు. 1959 అక్టోబర్ 2 నుంచి ఆ నేల ఎవరి చేతుల మీదుగా వచ్చిందో మొత్తం చూసుకోవాలి.