మరకైబో: సరస్సు కన్న ఊరు, చమురు పెంచిన నగరం

వెనెజ్వెలా పశ్చిమ కొసన ఉన్న మరకైబో అనగానే అందరికీ చమురే గుర్తొస్తుంది. కానీ ఆ ఊరిని కన్నది సరస్సు. చమురు పొంగే నాటికే ఊరికి మూడు వందల ఏళ్లు దాటాయి.

దాదాపు 13,000 చదరపు కిలోమీటర్ల ఆ సరస్సు ఉత్తరాన సన్నని జలసంధి గుండా సముద్రంలో కలుస్తుంది. ఊరు వెలిసింది ఆ జలసంధి ఒడ్డునే. అంతకుముందే అన్యూ జాతివాళ్లు నీళ్లలో గుంజలు పాతి, వాటిమీద ఇళ్లు కట్టుకుని, చేపలు పట్టుకుని బతికేవారు. 1529లో జర్మన్ దేశస్థుడు అంబ్రోసియస్ ఎహింగర్ వేసిన తొలి స్థావరం నిలవలేదు. 1569లో మళ్లీ కట్టారు, అదీ నిలవలేదు. 1574లో స్పెయిన్‌వాళ్లు మూడోసారి వేసిన పునాదే గట్టిపడింది.

19వ శతాబ్దంలో ఊరికి కలిమి తెచ్చింది కాఫీ. ఆండీస్ కొండల్లో పండిన గింజలు సరస్సు దాటి ఇక్కడికొచ్చి, జర్మన్ వర్తకుల కొట్ల నుంచి ఓడలెక్కేవి. వెనెజ్వెలాలో అందరికన్నా ముందు, 1888లో, వీధుల్లో కరెంటు దీపాలు వెలిగించుకున్నది ఈ నగరమే.

నేలలోంచి ఊరే నల్లటి జిగురు అక్కడివారికి కొత్త కాదు. పడవల సందులు పూడ్చడానికి అదే వాడేవారు. 1914లో తూర్పు ఒడ్డున సుమాకే-1 బావిలో చమురు పడింది. అసలు మలుపు 1922 డిసెంబరు 14. అదే తూర్పు ఒడ్డునున్న కబీమాస్‌లో బరోసో-2 బావి ఒక్కసారిగా పేలి, రోజుకు లక్ష పీపాల లెక్కన తొమ్మిది రోజులపాటు చమురును ఆకాశానికి చిమ్మింది. ఇళ్ల కప్పులు, చెట్లు, వీధులు నల్లగా తడిసిపోయాయి. జనం సాన్ బెనితో అనే పునీతుడి విగ్రహాన్ని మోసుకుని, డప్పులు కొడుతూ అక్కడికి వెళ్లాకే పొంగు ఆగిందని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ వార్తతో కంపెనీలు దిగాయి, పనికోసం జనం తరలివచ్చారు. ఏడెనిమిదేళ్లలోనే వెనెజ్వెలా ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ చమురు ఎగుమతి చేసే దేశమైంది. సరస్సు నిండా ఇనుప బురుజులు లేచాయి. 1939లో ఆ ఒడ్డునే ఉన్న లగునియాస్‌లో నీళ్లమీది ఇళ్లకు నిప్పంటుకుని ఊరు ఊరంతా తగలబడింది. 1950లలో పెద్ద ట్యాంకర్ల కోసం సరస్సు ముఖద్వారాన్ని లోతుగా తవ్వితే, ఉప్పునీరు మరింతగా లోపలికి చొచ్చుకొచ్చింది. 1962లో రికార్దో మొరాంది రూపకల్పన చేసిన రఫాయెల్ ఉర్దానెతా వంతెన, ఎనిమిదిన్నర కిలోమీటర్ల పైచిలుకు పొడవుతో, రెండు ఒడ్లనూ కలిపింది.

ఇవాళ వెళ్లినవారికి కరబోబో వీధిలో రంగురంగుల పాత ఇళ్లు, ‘లా చినీతా’ అని ముద్దుగా పిలుచుకునే మరియమాత బసిలికా, నవంబరు 18న ఆమె పండుగ, ఆ రోజుల్లో వాడవాడలా మోగే గైతా పాటలు కనువిందూ వీనులవిందూ చేస్తాయి. అదే సరస్సులో పాత గొట్టాల నుంచి కారిన చమురు తెట్టు, నీళ్లమీద పరుచుకున్న పచ్చటి నాచు కూడా కనిపిస్తాయి. వలకు అంటిన జిడ్డును కడుక్కోవడం జాలర్ల పనిలో భాగమైపోయింది.

చమురు ఇక్కడ నూరేళ్ల ముచ్చట. సరస్సు లేకపోతే అన్యూల ఇళ్లూ లేవు, కాఫీ రేవూ లేదు, ఈ నగరమూ లేదు. చమురుతో సంపాదించినవాళ్లందరూ తీర్చాల్సిన మొదటి బాకీ ఆ నీళ్లను బాగుచేయడమే.