మదనపల్లె పిల్లలు, మద్రాసు వ్యాజ్యం

'కన్యాశుల్కం' రెండవ కూర్పు 1909లో వెలువడింది. బిడ్డమీద కన్నతండ్రికి గల అధికారం బేరసారాల అధికారంగా ఎట్లా దిగజారుతుందో గురజాడ అందులో చూపాడు. అదే యేడు మదనపల్లెకు చెందిన జిడ్డు నారాయణయ్య అనే పెన్షనరు, తల్లిలేని పిల్లలను వెంటబెట్టుకొని అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి చేరాడు. ఆ పిల్లల్లో కృష్ణమూర్తిని చూచి, రాబోయే జగద్గురువు ఇతడేనని లెడ్‌బీటరు చాటాడు. 1910 మార్చిలో నారాయణయ్య కృష్ణమూర్తికీ, తమ్ముడు నిత్యానందకూ అనీబిసెంటును సంరక్షకురాలిగా ఒప్పుకొని పత్రం రాసి ఇచ్చాడు. పిల్లలు ఇంగ్లండుకు వెళ్ళారు.

తండ్రికి తరువాత మనసు మారింది. లెడ్‌బీటరు సాంగత్యం పిల్లలకు తగదని అతని అభియోగం. 1912లో చెంగల్పట్టు జిల్లాకోర్టులో దావా వేశాడు. అది మద్రాసు హైకోర్టుకు బదిలీ అయింది. తండ్రి పక్షాన సి.పి. రామస్వామి అయ్యరు వాదించాడు. బిసెంటు తన వాదన తానే వినిపించుకొంది. 1913 ఏప్రిల్‌లో బేక్‌వెల్ న్యాయమూర్తి పిల్లలను కోర్టు వార్డులుగా ప్రకటించి, తండ్రికి అప్పగించమన్నాడు. అప్పీలులోనూ తండ్రే గెలిచాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం కోర్టు గార్డియనును నియమించిన మైనరుకు మైనారిటీ 18 ఏళ్ళతో తీరక 21 దాకా సాగేది. తీర్పు వచ్చిన మరుసటి నెలలోనే కృష్ణమూర్తికి 18 నిండాయి. కోర్టు సంరక్షణ అనేది రక్షణే కావచ్చు. కాని యువకుణ్ణి మరి మూడేళ్ళు పిల్లవానిగా నిలిపి ఉంచగల సంకెల కూడా.

1914 మేలో ప్రీవీ కౌన్సిలు ఈ తీర్పును తోసిపుచ్చింది. పిల్లలు చెంగల్పట్టు జిల్లాలో సాధారణ నివాసులు కారు గనుక 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద ఆ కోర్టుకు అధికారం లేదన్నది. పిల్లల పక్షాన ఎవరూ నిలబడలేదనీ, వారి అభీష్టం తెలుసుకోలేదనీ ఎత్తిచూపింది. తండ్రికి కావలసిన పరిహారం ఇంగ్లండు కోర్టులోనే దొరకాలన్నది.

ఈ తీర్పులో సత్యమూ ఉంది, అన్యాయమూ ఉంది. ఇద్దరు పెద్దల తగాదాలో పిల్లవానికి సొంత గొంతు ఉండాలన్నది సత్యం. పెన్షనుతో బతికే తండ్రిని బిడ్డకోసం సముద్రం దాటి దావా వేసుకోమనటం అన్యాయం. పిల్లవాని హక్కును గుర్తించిన వాక్యమే, పలుకుబడి గలవారి పక్షాన తలుపు మూసిన వాక్యం కూడా అయింది. వలసపాలన న్యాయం స్వభావమే అది. ఆ తండ్రి దోషం లేనివాడని నేననను. పత్రం రాసినప్పుడు అతడూ పిల్లలను అడగలేదు.

చట్టం అప్పటినుంచి కొంత నడిచింది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం పిల్లల క్షేమమే ప్రధానమన్నది. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు తల్లికి సహజ సంరక్షకత్వపు ద్వారం తెరిచింది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక, తమకు సంబంధించిన విచారణలో బాలల మాట వినాలన్నది. భారతదేశం 1992లో దానిలో చేరింది. అయినా కస్టడీ వ్యాజ్యం ప్రతిదానిలోనూ పిల్లల తరఫున స్వతంత్ర ప్రతినిధిని నియమించి తీరాలన్న నిబంధన మనకు లేదు. న్యాయమూర్తి పిల్లవానిని చాంబరులోకి పిలిచి మాట్లాడితే మాట్లాడినట్టు, లేకుంటే లేదు.

నేనుండే పాల్మాకులకు శంషాబాదు విమానాశ్రయం దగ్గర. 2008లో అది తెరిచినప్పటినుంచి ఎందరో తెలుగు పిల్లలు తల్లిదండ్రుల చేతులు పట్టుకొని ఆ దారిన ఖండాలు దాటుతున్నారు. కాపురాలు చెడితే ఆ పిల్లలు ఏ దేశపు కోర్టుకు చెందుతారన్న తగాదా లేస్తుంది. పిల్లల అపహరణపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారతదేశం చేరలేదు. చెంగల్పట్టులో తలెత్తిన 'సాధారణ నివాసం' ప్రశ్న ఇంకా సజీవంగానే ఉంది.

కృష్ణమూర్తి 1929లో తనకోసం పెద్దలు కట్టిన సంఘాన్ని తానే రద్దుచేశాడు. మద్రాసు వ్యాజ్యంలో ఎవరూ అడగని జవాబు అతడు పదిహేనేళ్ళ తరువాత ఇచ్చుకొన్నాడు. పిల్లలందరికీ అంత వ్యవధి, అంత వేదిక దొరకవు. దొరకనివారికోసమే కోర్టులో వారి పక్షాన ఒక మనిషి నిలబడాలి.