చిన్న ఇంటికి చల్లని కప్పు: కూల్ రూఫ్ ఎలా పనిచేస్తుంది, ఎలా నిలుపుకోవాలి

మార్చి దాటిందంటే హైదరాబాద్ బస్తీల్లో రాత్రి ఫ్యాన్ కింద పడుకున్నా వేడిగాలే తగులుతుంది. తప్పు ఫ్యాన్‌ది కాదు, దాని పైనున్న స్లాబ్‌ది. నాలుగైదు అంగుళాల కాంక్రీటు పగలంతా ఎండకు కాగి, పొద్దుగూకాక ఆ వేడిని మెల్లగా గదిలోకి వదులుతుంది. రేకుల ఇంట్లో లెక్క వేరు. రేకు పలచన కాబట్టి మధ్యాహ్నానికే ఇల్లు పొయ్యిలా మారుతుంది, రాత్రికి కాస్త తొందరగా చల్లారుతుంది. ఒకే అంతస్తు, ఒకటి రెండు గదులున్న ఇళ్లలో వేడి ఎక్కువగా దిగేది పైకప్పు నుంచే. ఆ దారిని మూయడానికి ఉన్న చవకైన ఉపాయమే కూల్ రూఫ్.

కూల్ రూఫ్ రెండు పనులు చేస్తుంది. ఎండను తిప్పికొడుతుంది, పీల్చుకున్న కొద్దిపాటి వేడిని కూడా తిరిగి బయటికి వదిలేస్తుంది. మామూలు సిమెంటు స్లాబ్ తన మీద పడిన ఎండలో ఎక్కువ భాగాన్ని మింగేస్తుంది. కొత్తగా వేసిన మంచి తెల్ల పూత 80 శాతం దాకా తిప్పి పంపగలదు. పేరు కొత్తదే గానీ పని పాతదే. డాబా మీద ఏటా సున్నం కొట్టించే అలవాటు మన పెద్దలకు ఉండేది.

హైదరాబాద్‌లో 2017లో 25 పేద కుటుంబాల ఇళ్లపై తెల్లని పాలిథీన్ పొర పరిచి చూశారు. అలాంటివే అయిన మామూలు ఇళ్లతో పోలిస్తే లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేనా అనిపించవచ్చు. కానీ చంటిపిల్లలు, ముసలివాళ్లు, షుగర్, బీపీ ఉన్నవాళ్లు మధ్యాహ్నమంతా ఇంట్లోనే ఉండే కుటుంబానికి ఆ తేడా చిన్నది కాదు. కరెంటు బిల్లు సంగతీ ఉంది. గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. ఒక్క యూనిట్ దాటినా మొత్తం కట్టాల్సిందే. కూలర్ ఎన్ని గంటలు తిరగాలన్నది చాలా ఇళ్లలో స్లాబే తేలుస్తుంది.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో 2023-28 కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పును చల్లబరచాలన్నది లక్ష్యం, అందులో 200 హైదరాబాద్‌లోనే. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు ఇది తప్పనిసరి. సొంత ఇళ్లలో 600 గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టేవాటికి తప్పనిసరి, తక్కువైతే యజమాని ఇష్టం. అరవై, ఎనభై గజాల్లో ఇల్లు కట్టుకునే కుటుంబానికే ఇది ఎక్కువ అవసరం, ఇష్టానికి వదిలింది కూడా వాళ్లనే.

ఖర్చు చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలని పాలసీ తెచ్చినప్పుడు చెప్పారు. 400 చదరపు అడుగుల స్లాబ్ అంటే దాదాపు 37 చదరపు మీటర్లు. ఆ లెక్కన 11 వేల పైచిలుకు. ఇందిరమ్మ ఇంటికి వచ్చే 5 లక్షల్లో ఇది రెండు శాతానికి కొంచెం ఎక్కువ. ఇల్లు కట్టేటప్పుడే మేస్త్రీతో మాట్లాడుకుంటే విడిగా భారం అనిపించదు.

ఏ పూత వేయాలి?

అన్నిటికంటే చవక సున్నం. జల్లెడ పట్టి, జిగురు కలిపి, ముందుగా తడిపిన స్లాబ్‌పై రెండు కోట్లు వేయాలి. వానలకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేయక తప్పదు. సున్నం కళ్లలో పడితే ప్రమాదం, పిల్లల్ని పైకి రానివ్వొద్దు. రెండోది కూల్ రూఫ్ పెయింట్. ఇది కొన్నేళ్లు నిలుస్తుంది. డబ్బాపై ఎస్ఆర్ఐ అనే అంకె ఉందో లేదో చూడాలి. ప్రామాణిక నలుపుకు సున్నా, తెలుపుకు 100గా పెట్టుకున్న కొలత అది. ఎంత ఎక్కువుంటే అంత మేలు. ఇంటి లోపలి గోడలకు వేసే తెల్ల డిస్టెంపర్ ఈ పనికి రాదు, మొదటి వానకే అంతే సంగతి. తెల్ల టైల్స్ ముక్కలు పరిస్తే చాలా ఏళ్లు ఉంటుంది, ఖర్చు, బరువు రెండూ ఎక్కువే. పాత స్లాబ్ ఆ బరువు మోస్తుందో లేదో ఇంజనీరును అడగకుండా దిగొద్దు.

చాలామంది సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లుతారు. చల్లబడే మాట నిజమే. కానీ ట్యాంకర్ నీళ్లు కొనుక్కునే వీధిలో అది ఖరీదైన చల్లదనం. పగుళ్లున్న స్లాబ్‌లోకి రోజూ నీళ్లు దింపితే లోపలి ఇనుము తుప్పు పట్టి పెచ్చులూడతాయి.

పూత కంటే ముందు, పూత తర్వాత

పనులు చెడేది ఎక్కువగా ఇక్కడే. పగుళ్లు పూడ్చకుండా, చెమ్మ ఆరకుండా పెయింట్ వేస్తే పొక్కులు లేచి ఊడొస్తుంది. ముందు స్లాబ్‌ను గీకి, కడిగి, నాచు తీసేయాలి. పిట్టగోడ స్లాబ్‌కు కలిసే మూలలు, నీళ్లు పోయే పైపు చుట్టూ జాగ్రత్తగా చూడాలి. కారడం మొదలయ్యేది చాలాసార్లు అక్కడే. నీళ్లు నిలిచే చోట వాలు సరిచేయకుండా ఎంత మంచి పెయింట్ వేసినా నిలవదు.

తెల్ల పూతకు పెద్ద శత్రువు దుమ్ము. పక్కన మట్టి రోడ్డు ఉంటే మొదటి ఏడాదిలోనే దాని శక్తి చాలావరకు పడిపోతుంది. కడిగితే అందులో ఎక్కువ భాగం తిరిగి వస్తుంది. ఎండలు ముదరకముందు ఒకసారి చీపురుతో ఊడ్చి, తక్కువ నీళ్లతో తుడిస్తే చాలు. డాబాపై పాత సామాన్లు, విరిగిన కుర్చీలు పేర్చిపెడితే పూత వేసి లాభం లేదు. వాన నీళ్లను సంపులోకి పట్టే ఇళ్లలో పూత వేశాక వచ్చే మొదటి వానల నీళ్లు వదిలేయాలి.

పాత సిమెంటు రేకులతో ఇంకా జాగ్రత్త అవసరం. చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. వాటిని వైర్ బ్రష్‌తో గీకడం, రంధ్రాలు చేయడం, విరగ్గొట్టడం చేస్తే సన్నని పీచు గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. తడిపి, మాస్క్ కట్టుకుని, మెత్తని బ్రష్‌తోనే శుభ్రం చేయాలి. రేకులపై కాలు పెట్టకుండా అడ్డంగా చెక్కపలక వేసుకోవాలి. రేకు విరిగి కిందపడితే ప్రాణాలకే ముప్పు.

అపార్ట్‌మెంట్లలో కథ మారుతుంది. కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లున్న కాలనీ లాంటి చోట కూల్ రూఫ్ మేలు నేరుగా అందేది పై అంతస్తు వాళ్లకే. కింది వాళ్లకు వేడి గోడలు, కిటికీల నుంచి వస్తుంది. ఆంధ్రప్రదేశ్ టిడ్కో ఇళ్లలో గోడలు కూడా కాంక్రీటువే కాబట్టి పడమటి గోడకు లేత రంగు, కిటికీలపై సజ్జ, ఎదురెదురు కిటికీలు తెరిచే అలవాటు అవసరం. టెర్రస్ అందరిదీ కాబట్టి ఖర్చును నెలవారీ మెయింటెనెన్స్‌లో కలుపుకుంటే పై అంతస్తు వాళ్లొక్కరే మోయక్కర్లేదు.

అద్దె ఇళ్లది మరో చిక్కు. కప్పు ఓనర్‌ది, వేడి కిరాయిదారుది. సున్నం పని చిన్న ఖర్చుతోనే అవుతుంది. ముందే అడిగి, కిరాయిలో తగ్గించుకునేలా మాట్లాడుకోవచ్చు. పనికి జనవరి, ఫిబ్రవరి సరైన సమయం. స్లాబ్ పొడిగా ఉంటుంది, ఎండ ముదరకముందే పూత ఆరిపోతుంది.