కడుపులో పుండుకు కాపుదల

జీర్ణాశయ క్యాన్సర్‌కు పొట్ట కోయడమే మార్గమని విన్న తరం మాది. జపానులో 1950లో కడుపులోకి దించే కెమెరా తయారైంది. 1962లో అక్కడి వైద్యులు తొలిదశ క్యాన్సర్‌ను నిర్వచించారు. 1980లలో పైపొరకే పరిమితమైన గడ్డలను ఎండోస్కోపు గొట్టం ద్వారా తీయసాగారు. 1990ల చివర ప్రత్యేకమైన కత్తి రావడంతో పెద్దవాటిని కూడా ఒకే ముక్కగా తీయగలిగారు.

పొర ఒలిచిన చోట పుండు మిగులుతుంది. కడుపులోని ఆమ్లం తగిలి రక్తం కారవచ్చు. అందుకే రక్తనాళాలను వేడితో మాడుస్తారు లేదా క్లిప్పులు బిగిస్తారు. 1988లో వచ్చిన ఒమెప్రజోల్ వంటి మందులిస్తారు. మానడానికి సుమారు 8 వారాలు పడుతుంది.

గుండెజబ్బుకు రక్తం పలుచన చేసే మాత్రలు వాడేవారు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పాలి, తమంతట తాము మానరాదు. తారులా నల్లని విరేచనమైతే తెల్లవారేదాకా ఆగక ఆసుపత్రికి వెళ్ళాలని ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి.