దొరకని వరుస హంతకులు: ఊహాగానాలు, వాస్తవాలు

1989 జూన్ నుంచి సుమారు ఆరు నెలల వ్యవధిలో కలకత్తా నగరంలో ఫుట్‌పాత్‌లపై నిద్రిస్తున్న 13 మంది హత్యకు గురయ్యారు. దాదాపు అన్ని ఘటనల్లోనూ తీరు ఒక్కటే. అర్ధరాత్రి దాటాక, వెలుతురు అంతగా లేని చోట, ఒంటరిగా పడుకున్న వ్యక్తి తలపై బరువైన రాయితోనో కాంక్రీటు దిమ్మతోనో మోదారు. దోచుకునేందుకు మృతుల వద్ద ఏమీ లేదు. పత్రికలు ఆ అజ్ఞాత హంతకుడికి ‘స్టోన్‌మ్యాన్’ అని పేరు పెట్టాయి. పోలీసులు పలువురు అనుమానితులను పట్టుకుని, సాక్ష్యాలు లేక విడిచిపెట్టారు. రాత్రి గస్తీ పెరిగింది. కొంతకాలానికి హత్యలు ఆగిపోయాయి. హంతకుడు ఒక్కడా, పలువురా అన్నది ఈనాటికీ తేలలేదు.

పట్టుబడని వరుస హంతకుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా సినిమాలు, నవలలు అలవాటు చేసిన ఒక రూపం కళ్లముందు నిలుస్తుంది. అతడు అసాధారణ మేధావి. పోలీసులకు సవాళ్లు విసురుతాడు. ఎక్కడా ఆనవాలు మిగల్చడు. కేసుల చరిత్ర ఈ చిత్రాన్ని పెద్దగా సమర్థించదు. ఏళ్ల తరబడి తప్పించుకున్నవారిలో అత్యధికులు సాధారణ తెలివితేటలు గలవారే. వారిని కాపాడింది వారు ఎంచుకున్న బాధితుల సామాజిక స్థితి, ఆ మరణాలు కాగితాలకెక్కిన తీరు.

నిర్వచనం

వేర్వేరు సందర్భాల్లో ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మందిని చంపిన వ్యక్తిని వరుస హంతకుడిగా అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ పరిగణిస్తుంది. 2005లో శాన్ ఆంటోనియో నగరంలో నిపుణులతో జరిపిన సదస్సు అనంతరం ఈ నిర్వచనం వాడుకలోకి వచ్చింది. అంతకుముందు కనీసం మూడు హత్యలు ఉండాలన్న అభిప్రాయం బలంగా ఉండేది. భారత శిక్షాస్మృతిలో గానీ, దాని స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో గానీ వరుస హత్య అనే ప్రత్యేక నేరం లేదు. ప్రతి మరణమూ ఒక విడి హత్య కేసు. వాటి మధ్య సంబంధాన్ని గుర్తించడం పూర్తిగా దర్యాప్తు అధికారుల పని.

ఫుట్‌పాత్ మృతులు

కలకత్తా హత్యలకు ముందే, 1980ల మధ్యలో బొంబాయిలోని సయాన్, కింగ్స్ సర్కిల్ ప్రాంతాల్లో ఇదే తరహా హత్యలు జరిగాయి. అక్కడ సుమారు 12 మంది మరణించారు. అవన్నీ ఒకే వరుసలోనివని పోలీసులకు తట్టేసరికి పలువురు బలైపోయారు. మృతుల్లో చాలామంది పేర్లు సైతం తెలియలేదు; వారి కోసం ఠాణా మెట్లెక్కిన బంధువులు లేరు. బొంబాయిలో హత్యలు ఆగిన తర్వాత కలకత్తాలో మొదలు కావడంతో ఒకే వ్యక్తి నగరం మారాడన్న ఊహ పుట్టింది. దానికి ఆధారం తీరులోని సామ్యం ఒక్కటే. పత్రికల్లో బొంబాయి కథనాలు చదివిన మరొకరు అనుకరించి ఉండవచ్చన్న వాదనకూ అంతే బలం ఉంది.

బొంబాయి నగరానికి ఇది తొలి అనుభవం కాదు. 1965-66లోనూ, మళ్లీ 1968లోనూ శివారు గుడిసెల్లో, రోడ్ల పక్కన నిద్రిస్తున్నవారిపై దాడులు జరిగాయి. 1968 ఆగస్టులో పట్టుబడిన రామన్ రాఘవ్ తాను 41 మందిని చంపినట్లు చెప్పాడని నాటి కథనాలు పేర్కొన్నాయి. నిజసంఖ్య తేలలేదు. అతడు అంతుచిక్కని వ్యక్తి ఏమీ కాదు. దొంగతనం కేసులో అంతకుముందే జైలుకు వెళ్లి వచ్చాడు. తొలి విడత దాడుల సమయంలో పోలీసుల చేతికి చిక్కి, ఆధారాలు లేక బయటపడ్డాడు. చివరకు అతడిని గుర్తుపట్టడానికి పనికొచ్చింది పోలీసుల దగ్గర అప్పటికే ఉన్న పాత రికార్డే. తీవ్రమైన మానసిక వ్యాధి కారణంగా అతడి మరణశిక్షను బొంబాయి హైకోర్టు 1987లో యావజ్జీవంగా మార్చింది. 1995లో పుణెలో మరణించాడు.

హత్యగా నమోదు కాని హత్యలు

ఫుట్‌పాత్ హత్యల్లో కనీసం జరిగింది హత్య అని అందరికీ తెలుసు. అంతకంటే దర్యాప్తుకు చిక్కనివి హత్యగా నమోదే కాని మరణాలు.

కర్ణాటకలో ‘సైనైడ్ మోహన్’గా పేరుపడిన మోహన్ కుమార్ కేసు ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఇతడు 2003-2009 మధ్య 20 మంది యువతులను చంపినట్లు అభియోగాలు ఎదుర్కొన్నాడు. బాధితుల్లో ఎక్కువమంది దక్షిణ కన్నడ ప్రాంతంలోని పేద కుటుంబాలవారు. కట్నం ఇచ్చుకోలేక పెళ్లి ఆలస్యమైనవారు. పెళ్లి చేసుకుంటానని నమ్మించి దూరపు పట్టణానికి తీసుకెళ్లేవాడు. మర్నాడు ఉదయం నగలు లాడ్జి గదిలోనే ఉంచమని చెప్పి, బస్టాండుకు తీసుకెళ్లి, గర్భనిరోధక మాత్ర అంటూ సైనైడ్ ఇచ్చేవాడు. వాంతి రావచ్చు కనుక మరుగుదొడ్డిలోకి వెళ్లి వేసుకోమనేవాడు. తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉండగా మృతదేహం దొరికేది. స్థానిక ఠాణాలో అది గుర్తు తెలియని మహిళ ఆత్మహత్య. వందల కిలోమీటర్ల దూరంలోని స్వగ్రామంలో అదే యువతి ఎవరితోనో వెళ్లిపోయిన అమ్మాయి. కొన్ని కుటుంబాలు పరువుకు వెరచి ఫిర్యాదే చేయలేదు. ఒకే మనిషి రెండు జిల్లాల్లో రెండు వేర్వేరు కాగితాలపై ఉండిపోయింది. 2009లో ఒక యువతి అదృశ్యంపై స్థానికంగా ఆందోళన చెలరేగడంతో పోలీసులు ఫోన్ కాల్ వివరాలు తవ్వారు. ఒక నంబరు మరొక అదృశ్యమైన యువతి వద్దకు, అది ఇంకొకరి వద్దకు దారి తీసింది. 2013లో తొలి కేసుల్లో మరణశిక్ష పడింది. అందులో హంతకుడి తెలివి కొంత ఉంది. కానీ అతడి పథకం ఆరేళ్లు నడవడానికి ప్రధాన కారణం ఒక బస్టాండు పరిధిలోని ఠాణాకు మరో బస్టాండు పరిధిలోని ఠాణా సంగతి తెలియకపోవడమే.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో ఏలూరు పోలీసులు వెల్లడించిన కేసు కూడా ఈ కోవలోనిదే. కృష్ణా, ఉభయ గోదావరి జిల్లాల్లో సుమారు 20 నెలల్లో 10 మందికి ప్రసాదంలో సైనైడ్ కలిపి ఇచ్చి చంపాడన్నది నిందితుడిపై పోలీసుల అభియోగం. గుప్తనిధులు, సంపద పెంచే నాణెం పేరుతో నమ్మించేవాడని వారు తెలిపారు. మృతదేహాలపై గాయాలు లేకపోవడంతో పలు మరణాలను కుటుంబసభ్యులే గుండెపోటుగా భావించారు. ఏలూరుకు చెందిన ఒక ఉపాధ్యాయుడు మరణించినప్పుడు ఆయన వెంట తీసుకెళ్లిన నగదు, బంగారం కనిపించకపోవడంతో బంధువులకు అనుమానం వచ్చింది. అది లేకుంటే ఆ మరణం కూడా గుండెపోటుగానే మిగిలిపోయేది.

బ్రిటన్‌లో డాక్టర్ హెరాల్డ్ షిప్‌మన్ పద్ధతి ఇంకా సులువైనది. హైడ్ పట్టణంలో కుటుంబ వైద్యుడైన అతడు వృద్ధ రోగులకు మార్ఫిన్ తరహా మందు అధిక మోతాదులో ఎక్కించి, మరణ ధ్రువపత్రం తానే రాసేవాడు. 1998లో మరో క్లినిక్ వైద్యురాలు ఇతడి రోగుల మరణాలు అసాధారణంగా ఎక్కువగా ఉన్నాయని అధికారుల దృష్టికి తెచ్చారు. పోలీసులు పైపైన విచారించి వదిలేశారు. ఆ తర్వాత మరో ముగ్గురు మరణించారు. 2000లో 15 హత్యలకు శిక్ష పడింది. బాధితులు సుమారు 250 మంది ఉంటారని న్యాయ విచారణ సంఘం అంచనా వేసింది.

అమెరికాలో శామ్యూల్ లిటిల్ తాను 93 మందిని చంపానని ఒప్పుకున్నాడు. 2019 అక్టోబరు నాటికి వాటిలో 50 ఒప్పుకోళ్లను ఎఫ్‌బీఐ ధ్రువీకరించింది. అతడు గొంతు నులిమి చంపిన పలువురు మహిళల మరణాలు మాదకద్రవ్యాల మోతాదు మించడం వల్లనో, ప్రమాదవశాత్తునో సంభవించినట్లు రికార్డుల్లో ఉన్నాయి. జైల్లో అతడు జ్ఞాపకం మీద బాధితుల ముఖాలు గీశాడు. వారెవరో గుర్తుపట్టాలని కోరుతూ ఎఫ్‌బీఐ ఆ బొమ్మలనే ప్రజల ముందు ఉంచాల్సి వచ్చింది.

ఠాణాల మధ్య దూరం

వేర్వేరు పరిధుల్లో జరిగిన నేరాల మధ్య సంబంధాన్ని చూడలేకపోవడాన్ని నేరశాస్త్రవేత్త స్టీవెన్ ఎగ్గర్ 1980లలో ‘లింకేజ్ బ్లైండ్‌నెస్’ అన్నారు. కాలిఫోర్నియాలో 1970, 80 దశకాల్లో జరిగిన దొంగతనాలు, అత్యాచారాలు, హత్యలను ఒక్కో ప్రాంతంలో పోలీసులు ఒక్కో మారుపేరు గల నేరగాడికి ఆపాదించారు. అన్నీ ఒకరి పనే. 2018 ఏప్రిల్‌లో వంశవృక్షాల వెబ్‌సైటులోని దూరపు బంధువుల డీఎన్ఏ ఆధారంగా 72 ఏళ్ల జోసెఫ్ డిఏంజెలోను అరెస్టు చేశారు. అతడు ఒకప్పటి పోలీసు ఉద్యోగి. 2020లో 13 హత్యలను అంగీకరించాడు.

సమాచారం ఒకేచోట ఉన్నా ప్రయోజనం లేని సందర్భాలూ ఉన్నాయి. ఇంగ్లండ్‌లో 1975-80 మధ్య 13 మంది మహిళలను చంపిన పీటర్ సట్‌క్లిఫ్‌ను పోలీసులు తొమ్మిది సార్లు ప్రశ్నించి పంపేశారు. లక్షలాది కార్డులపై రాసిన వివరాలు ఒకదానితో ఒకటి సరిపోల్చే వీలు లేకపోయింది. దానికి తోడు హంతకుడినంటూ ఒక ఆకతాయి పంపిన టేపును ఉన్నతాధికారులు నిజమని నమ్మి, ఆ యాస లేనివారిని వదిలేశారు. 1981 జనవరిలో కారుకు దొంగ నంబరు ప్లేటు ఉండటంతో సట్‌క్లిఫ్ పట్టుబడ్డాడు. దర్యాప్తు సమాచారాన్ని కంప్యూటరీకరించే ‘హోమ్స్’ వ్యవస్థ ఈ వైఫల్యం నుంచే బ్రిటన్‌లో పుట్టింది.

తెలంగాణలో యాదాద్రి భువనగిరి జిల్లా హాజీపూర్ ఉదంతంలో దూరం అనే సాకు కూడా లేదు. 2019 ఏప్రిల్‌లో ఒక బాలిక మృతదేహం పాడుబడ్డ వ్యవసాయ బావిలో దొరికింది. తదుపరి గాలింపులో మరో ఇద్దరి అవశేషాలు బయటపడ్డాయి. వారిలో ఒకరు 2015లో అదృశ్యమైన 11 ఏళ్ల బాలిక. నాలుగేళ్లు ఆ కేసు అదృశ్యంగానే ఉంది. నిందితుడు అదే ఊరివాడు. 2020 ఫిబ్రవరిలో నల్గొండ ప్రత్యేక న్యాయస్థానం అతడికి మరణశిక్ష విధించింది.

హత్యలు ఆగిపోతే

వరుస హంతకుడు తనంతట తాను ఆగలేడని, హత్యలు ఆగాయంటే చనిపోయాడనో మరో కేసులో జైలుకెళ్లాడనో అర్థమని చాలాకాలం విశ్వసించారు. అమెరికాలోని విచిటాలో 1974-91 మధ్య 10 మందిని చంపిన డెనిస్ రేడర్ ఈ నమ్మకాన్ని వమ్ము చేశాడు. చివరి హత్య తర్వాత పదమూడేళ్లు చర్చి బాధ్యతలు, మునిసిపల్ ఉద్యోగం చేసుకుంటూ గడిపాడు. 2004లో మళ్లీ ఉత్తరాలు రాయడం మొదలుపెట్టకపోతే బహుశా దొరికేవాడు కాదు. పోలీసులకు పంపిన ఫ్లాపీ డిస్కులో చర్చి పేరు మిగిలిపోయి 2005లో చిక్కాడు. కనుక స్టోన్‌మ్యాన్ మరణించాడనో, మరో నగరానికి వెళ్లాడనో అనడానికి హత్యలు ఆగడం ఒక్కటే చాలదు.

ఇలాంటివారు ప్రస్తుతం ఎందరు స్వేచ్ఛగా తిరుగుతున్నారన్న ప్రశ్నకు ప్రచారంలో ఉన్న అంకెలన్నీ అంచనాలే. నమోదైన హత్యల గణాంకాల నుంచి ఆనవాళ్లు వెతకడం మాత్రం సాధ్యమే. అమెరికా పాత్రికేయుడు థామస్ హార్‌గ్రోవ్ 2010లో కంప్యూటర్ విశ్లేషణ ద్వారా ఇండియానా రాష్ట్రంలోని గ్యారీ నగరంలో గొంతు నులిమిన హత్యలు అసాధారణంగా పోగుపడ్డాయని గమనించి పోలీసులకు తెలిపారు. వారు స్పందించలేదు. 2014లో డారెన్ వాన్ అరెస్టయ్యాడు. తర్వాత ఏడు హత్యలను అంగీకరించాడు. ఈ పద్ధతికీ ఒక హద్దు ఉంది. ఆత్మహత్యగా, గుండెపోటుగా నమోదైన మరణం హత్యల పట్టికలోకే రాదు.

అరెస్టు తర్వాత కూడా

నోయిడాలోని నిఠారీ ఉదంతం మరో రకమైన చిక్కును చూపుతుంది. పిల్లలు కనిపించడం లేదని పేద కుటుంబాలు దాదాపు రెండేళ్లు మొరపెట్టుకున్నా పోలీసులు పట్టించుకోలేదు. 2006 డిసెంబరులో ఒక ఇంటి వెనుక మురుగు కాలువలో అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఇంటి యజమాని, పనివాడు అరెస్టయ్యారు. కింది కోర్టులో మరణశిక్షలు పడ్డాయి. 2023 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు దర్యాప్తు లోపాలను తీవ్రంగా తప్పుపడుతూ ఇద్దరినీ ఆ కేసుల్లో నిర్దోషులుగా ప్రకటించింది. 2025 నవంబరులో సుప్రీంకోర్టు పనివాడిపై మిగిలిన చివరి కేసును కూడా కొట్టివేసింది. దేశాన్ని కుదిపేసిన ఈ ఉదంతంలో పిల్లలను చంపిందెవరన్న ప్రశ్నకు చట్టపరంగా ఇప్పుడు సమాధానం లేదు.

అదృశ్యమైన పిల్లల విషయంలో ఫిర్యాదు అందగానే ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని, అపహరణో అక్రమ రవాణానో జరిగిందని భావించి దర్యాప్తు సాగించాలని సుప్రీంకోర్టు 2013 మేలో ఆదేశించింది. వయోజనుల అదృశ్యానికి అంతటి రక్షణ లేదు. ఠాణాలను అనుసంధానించే సీసీటీఎన్ఎస్ పథకానికి 2009లో ఆమోదం లభించింది. జాతీయ వేలిముద్రల వ్యవస్థ 2022లో ప్రారంభమైంది. తప్పిపోయినవారి, గుర్తు తెలియని మృతుల డీఎన్ఏ వివరాలకు సూచికలు ఏర్పరచాలన్న బిల్లును కేంద్రం 2019లో లోక్‌సభలో ప్రవేశపెట్టి, 2023 జులైలో ఉపసంహరించుకుంది. అనుమానాస్పద మృతిపై శవ పంచనామాకు పూర్వం నేర విచారణ స్మృతిలోని 174వ సెక్షన్, ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలోని 194వ సెక్షన్ ఆధారం. బస్టాండులోనో రైలు పట్టాల పక్కనో దొరికిన మృతదేహం హత్య కేసుగా మారుతుందా లేదా అన్నది ఆ పంచనామా రాసే అధికారి శ్రద్ధపై, విసెరా పరీక్ష నివేదికపై ఆధారపడి ఉంటుంది.

హత్యానేరానికి భారత చట్టంలో కాలపరిమితి లేదు. 1989 నాటి కలకత్తా కేసుల్లో కొత్త ఆధారం దొరికితే విచారణకు చట్టం ఈనాటికీ అడ్డురాదు.