పట్టా ఇవ్వని చదువు

1860ల్లో మద్రాసు గవర్నరు విలియం డెనిసన్ ఇంగ్లండు నుంచి ఆవిరి నాగళ్ళు, విత్తనం వేసే గొర్రులు, నూర్పిడి యంత్రాలు తెప్పించి సైదాపేటలో ఒక ప్రయోగ క్షేత్రం పెట్టించాడు. 1868లో అక్కడే వ్యవసాయ పాఠశాల వెలిసింది. గోదావరి, కృష్ణా డెల్టాలు కూడా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. అయితే ఇంగ్లీషులో సాగే ఆ చదువు పూర్తిచేసిన కుర్రాడి చూపు కొలువు మీదే ఉండేది. 1906లో ఆ విద్య కోయంబత్తూరుకు తరలి, అక్కడ పెద్ద కళాశాలగా ఎదిగింది. దేశానికి గొప్ప శాస్త్రవేత్తలను అందించింది. నాగలి పట్టే యువకుడికి మాత్రం అందులో చోటు దొరకలేదు.

ఈ లోగా సర్కారు పంపగా వచ్చి దేశమంతా తిరిగిన రసాయన శాస్త్రవేత్త జాన్ ఆగస్టస్ వోల్కర్, 1893 నాటి నివేదికలో పాలకులు ఊహించని మాట రాశాడు. ఇక్కడి మంచి రైతు సగటు ఇంగ్లీషు రైతుకు ఏమాత్రం తీసిపోడనీ, కొన్ని విషయాల్లో అతనికన్నా మెరుగనీ, కొరవడినవి వసతులేననీ దాని సారాంశం. రైతు బిడ్డకు ఏం నేర్పాలో నిర్ణయించే ముందు, అతనికి ఏం తెలుసో కనుక్కోవాలన్న ఆలోచనకు ఆ నివేదిక దారి చూపింది. ఆ దారిన నడవడానికి మనకు చాలా కాలం పట్టింది.

బొంబాయి ప్రెసిడెన్సీలో పుణె దగ్గర లోణిలో రైతు పిల్లల కోసం మాతృభాషలో వ్యవసాయ పాఠశాల నడిచింది. 1928లో నివేదిక ఇచ్చిన రాయల్ వ్యవసాయ కమిషన్ ఈ తరహా ప్రత్యేక బడులకన్నా పంజాబు పద్ధతి వైపు మొగ్గింది. అక్కడ మామూలు పల్లెబడిలోనే వ్యవసాయం ఒక పాఠం.

వీటన్నిటికన్నా మనసుకు దగ్గరగా వచ్చే ప్రయోగం శ్రీనికేతన్. వ్యవసాయశాస్త్రం చదివిన ఆంగ్ల యువకుడు లెనర్డ్ ఎల్మ్‌హర్స్ట్‌తో కలిసి రవీంద్రనాథ్ ఠాగూర్ 1922లో బెంగాల్‌లోని సురూల్ గ్రామంలో దాన్ని ప్రారంభించాడు. కొడుకు రథీంద్రనాథ్‌ను అంతకు ముందే వ్యవసాయం చదవడానికి అమెరికాలోని ఇల్లినాయ్‌కి పంపాడు. పల్లె కుర్రాళ్ళు జట్లుగా చేరి తోట పని, చేతివృత్తులు, ఊరి ఆరోగ్యం చూసుకోవడం అక్కడ చదువులో భాగమయ్యాయి.

స్వాతంత్ర్యం వచ్చాక, అధిక దిగుబడి వంగడాలు దిగిన 1966 ప్రాంతంలో రైతు శిక్షణ కేంద్రాలు పుట్టాయి. కొత్త విత్తనానికి ఎరువు ఎంత, నీరు ఎప్పుడు అన్నంతవరకే వాటి పని. అసలు మలుపు 1973లో వచ్చింది. ఉదయపూర్ సేవామందిర్ వ్యవస్థాపకుడు మోహన్‌సింగ్ మెహతా అధ్యక్షతన భారత వ్యవసాయ పరిశోధన మండలి ఒక సంఘాన్ని వేసింది. కృషి విజ్ఞాన కేంద్రం (కేవీకే) అన్న రూపం ఆ సంఘం చర్చల్లోంచే వచ్చింది. పని చేస్తూనే నేర్చుకోవాలి. అన్ని జిల్లాలకూ ఒకే పాఠ్యప్రణాళిక ఉండకూడదు. బడి మానేసిన వాళ్ళకూ, మహిళలకూ, బలహీన వర్గాలకూ తలుపులు తెరిచి ఉండాలి. శిక్షణ ఎన్నాళ్ళు సాగినా పట్టా ఇవ్వకూడదు.

చివరి షరతే అన్నిటికన్నా లోతైనది. కాగితం చేతికొస్తే ఉద్యోగం వేట మొదలవుతుందని సైదాపేట నుంచీ దేశం చూస్తూనే ఉంది. కాగితం లేని చోట, నేర్చుకున్నది పొలంలో పనికొస్తేనే మనిషి మళ్ళీ వస్తాడు.

మొదటి కేంద్రం 1974లో పుదుచ్చేరిలో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద మొదలైంది. ఇప్పుడు దేశంలో 700కు పైగా ఉన్నాయి. తెలుగు నేల మీద వ్యవసాయ విశ్వవిద్యాలయాలే కాక స్వచ్ఛంద సంస్థలూ వీటిని భుజాన వేసుకున్నాయి. గడ్డిపల్లిలో శ్రీ అరబిందో గ్రామీణాభివృద్ధి సంస్థ, జహీరాబాద్ ప్రాంతంలో చిరుధాన్యాల సాగుకు పేరుపడ్డ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అందుకు ఉదాహరణలు.

పొలాన్నే బడిగా మార్చిన పద్ధతి మాత్రం ఇండోనేషియా నుంచి వచ్చింది. పురుగుమందులు విచ్చలవిడిగా చల్లడంతో మిత్ర పురుగులు చచ్చి, సుడిదోమ వరిని తుడిచిపెట్టింది. అక్కడి ప్రభుత్వం 1986లో 57 రకాల మందులను వరిలో వాడకుండా నిషేధించింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 1989లో రైతుల క్షేత్ర పాఠశాలలు మొదలయ్యాయి. మన దగ్గర అదే పొలంబడి. పంటకాలమంతా వారం వారం గట్టు మీద చేరతారు. దుబ్బుల్లో అక్షింతల పురుగులెన్ని, సాలీళ్ళెన్ని, దోమ ఎంత అని లెక్కపెడతారు, బొమ్మలు గీస్తారు, మందు కొట్టాలా వద్దా అన్నది తామే తేల్చుకుంటారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరవు పీడించే ఏడు జిల్లాల్లో ఈ పద్ధతి భూగర్భ జలానికి కూడా పాకింది. 2000 తర్వాతి దశకంలో ఏపీఫామ్స్ పేరుతో నడిచిన ఆ కార్యక్రమంలో రైతులే ఊళ్ళో వర్షమాపకం చూశారు, పదిహేను రోజులకోసారి బోర్లలో నీటిమట్టం కొలిచారు, ఆ లెక్కలు అందరికీ కనిపించేలా బోర్డు మీద రాశారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని ఉన్న నీరెంత, అనుకున్న పంటలకు కావలసిందెంత అని బేరీజు వేసేవారు. వరి తగ్గించమని ఎవరూ హుకుం జారీ చేయలేదు. లెక్క కళ్ళ ముందున్నప్పుడు చాలామంది తామే ఆరుతడి పంటల వైపు తిరిగారు. మన ప్రాంతంలో జరిగిన వ్యవసాయ శిక్షణల్లో దీనికి సాటి వచ్చేది అరుదు.

తర్వాతి పథకాల్లో గడియారం ముందుకొచ్చింది. గ్రామీణ యువత నైపుణ్య శిక్షణ ఏడు రోజులు, వ్యవసాయ నైపుణ్య మండలి కోర్సులు సుమారు 200 గంటలు, చివర పరీక్ష, ధ్రువపత్రం. పుట్టగొడుగుల పెంపకానికో, తేనెటీగలకో ఏడు రోజులు మంచి మొదలే కావచ్చు. కానీ విత్తు నుంచి కోత దాకా పంటను చూడనివ్వని శిక్షణను సాగు నేర్పడం అనలేం. 2015-16లో మొదలైన ‘ఆర్య’ పథకం కొంత నయం. 35 ఏళ్ళలోపు యువతను ఎంచుకుని, కేవీకే ద్వారా వాళ్ళ చేత సొంత యూనిట్లు పెట్టించడం దాని ఉద్దేశం.

ఇప్పుడు డ్రోన్ల వంతు. 2023లో ప్రకటించిన నమో డ్రోన్ దీదీ పథకం కింద ఎంపికైన మహిళకు 15 రోజుల శిక్షణ ఇస్తారు. అందులో 5 రోజులు డ్రోన్ నడపడానికి, 10 రోజులు ఎరువులు, మందులు చల్లే పనికి. 2021 నాటి డ్రోన్ నిబంధనల ప్రకారం పైలట్ సర్టిఫికెట్ కావాలంటే పదో తరగతి పాసై ఉండాలి. ఆకాశంలో ఎగిరే యంత్రానికి ఆ జాగ్రత్త అవసరమే. కానీ ఇన్నాళ్ళూ వీపున స్ప్రేయరు మోసి మందు కొట్టినవాళ్ళలో పదో తరగతి దాటనివాళ్ళు ఎందరో. మందు మోతాదు కలపడం, నాజిల్ శుభ్రం చేయడం, బ్యాటరీలు చూసుకోవడం, గాలి వాలు గమనించడం వంటి పనులు వాళ్ళకు ముందుగా నేర్పాలి. మెహతా సంఘం గీసిన హద్దుల ప్రకారం చూస్తే, ఆ పని కేవీకేలదే.